ఎస్టిల్ బావ అరువు తుపాకులు

మా ఎలుగు వాగు లోయలో నాకు తెలియని తుపాకి లేదు. కొండమీద ఎక్కడో ఒకటి పేలితే చాలు, వరండాలో కుర్చీలోంచి లేవకుండానే అది ఎవరిదో చెప్పేస్తాను. వాళ్ళ తాత ఏ సంతలో ఏ కుక్కకు బదులుగా దాన్ని తెచ్చాడో, ఇంటికొచ్చి పెళ్ళాంతో ఎంత తక్కువ ధర చెప్పాడో కూడా చెప్పేస్తాను. కెంటకీ తూర్పు కొండల్లో ఇలాంటి చెవి ఉన్నవాణ్ణి ఇంకొకణ్ణి చూపించండి, నా ట్రాక్టరు రాసిచ్చేస్తాను. ట్రాక్టరు నడవదు, అది వేరే సంగతి.

ఇన్ని తెలిసినవాణ్ణి, ఒక్క విషయం మాత్రం అంతుపట్టక ఏళ్ళ తరబడి బుర్ర గోక్కున్నాను. అది మా బావ ఎస్టిల్ గేహార్ట్ సంగతి. మా ఆవిడ ఓపల్‌కు సొంత అన్న. లోయ చివరింట్లో ఒంటరిగా ఉంటాడు. ఇంటి వెనక గదినిండా తుపాకులున్నాయి ఆయనకు. అలాంటివాడు ఊళ్ళో వాళ్ళ గుమ్మాలెక్కి తుపాకి అరువడిగేవాడు. చెరువు గట్టున ఇల్లు పెట్టుకుని పక్కింట్లో చెంబుడు నీళ్ళడిగినట్టు.

"కోళ్ళమీద నక్క పడుతోంది, నీ తుపాకి ఓసారి ఇస్తావా" అంటూ వచ్చేవాడు. పట్టుకెళ్ళేవాడు. ఇక తనంతట తాను తెచ్చిచ్చేవాడు కాదు. ఎవరైనా వెళ్ళి "ఉడతల వేటకు పోతున్నా, నా తుపాకి ఇయ్యి" అని నోరు తెరిచి అడిగితే, మారు మాట్లాడకుండా నూనె రాసి తుడిచి చేతిలో పెట్టేవాడు. అడక్కపోతే ఎన్నేళ్ళయినా అక్కడే ఉండేది.

నాదీ అలాగే పట్టుకెళ్ళాడు. ఓపల్ పోయిన ఏడు, ఆకులు రాలే కాలంలో. సమాధిమీద పూలు ఇంకా వాడనే లేదు, వచ్చి నక్క అన్నాడు. తోడబుట్టిన చెల్లెలు పోతే ఈయనకు కోళ్ళ బెంగేమిటి, గుండెకాయ ఉన్న చోట ఏ బొగ్గుపెళ్ళ ఉందో అనుకున్నాను. ఇచ్చాను. ఆ తర్వాత కనిపించినప్పుడల్లా "నక్క దొరికిందా బావా" అనేవాణ్ణి. "ఇంకా లేదు బావా" అనేవాడు. కొన్నాళ్ళకు కోళ్ళు ముసలివై వాటంతట అవే చచ్చిపోయాయి. మళ్ళీ కొత్త కోళ్ళు తేలేదు. అయినా నక్క దొరకలేదు.

ఎందుకిలా చేస్తాడని ఊళ్ళో తలా ఒక మాట. పక్క రాష్ట్రం టెనెసీ తీసుకెళ్ళి అమ్ముకుంటాడని దాణా కొట్టు దగ్గర ఒకరన్నారు. మరలు విప్పుకుని తనవాటికి బిగించుకుంటాడని ఇంకొకరు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు ఆయనకు పరాయి తుపాకి వాసన పడుతుందని నేను తేల్చాను. సూటిగా అడిగితే పోయేది కదా అంటారేమో. ఒక మనిషింట్లో ఎన్ని తుపాకులున్నాయి, ఎందుకున్నాయి అని అడగడం మా దగ్గర మర్యాద కాదు. ఆడవాళ్ళ వయసైనా అడగొచ్చు గానీ.

అలా ఉండగా, మొన్న చలికాలం చివర్లో ఎస్టిల్ కట్టెలు కొడుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. లెక్సింగ్టన్ పెద్దాసుపత్రి డాక్టర్లు చూసి, గుండె నాళాలు పూడుకుపోయాయి, బైపాస్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే ఇంకో చలికాలం చూడడు అన్నారు. వచ్చే నెల మొదటి సోమవారం రమ్మన్నారు. వాళ్ళ చిన్న చెల్లెలు వెర్లీ సంచులు సర్దడం మొదలుపెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. ఆపైన ఆవిడ రేడియోకి ఫోన్ చేసింది.

మా కౌంటీ రేడియోలో పొద్దున్నే ప్రార్థనల కార్యక్రమం వస్తుంది. ఇంట్లో ఎవరికి బాగోకపోయినా ఫోన్ చేసి చెబితే, వినేవాళ్ళందరూ ప్రార్థన చేస్తారు. ఆ పూట నేను ఎస్టిల్ వంటింట్లోనే కాఫీ తాగుతున్నాను. వెర్లీ వచ్చేసరికి ఆయన మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"రేడియోలో ఏం చెప్పావే?"

"ప్రార్థన చెయ్యమన్నాను అన్నయ్యా, నీ గుండె కోసం."

"ఏమని చెప్పావో అది చెప్పు."

"మా అన్న ఎస్టిల్ గేహార్ట్, ఎలుగు వాగు చివరిల్లు, మొదటి సోమవారం లెక్సింగ్టన్‌లో పెద్ద ఆపరేషను, తోడుగా నేను కూడా పోతున్నా, అందరూ మోకాళ్ళమీద ప్రార్థించండి అన్నా."

"ఇంటి తాళంచెవి పూలకుండీ కింద పెడతామని కూడా చెప్పకపోయావా."

"అది అందరికీ తెలిసిందేగా" అంది వెర్లీ.

నేను నవ్వాను. ఎస్టిల్ నవ్వలేదు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. ఆ మధ్యనే కొండకవతల ఒక ఇంటివాళ్ళు తల్లిని పూడ్చిపెట్టడానికి స్మశానానికెళ్ళి వచ్చేసరికి, ఇంట్లో తుపాకుల బీరువా ఖాళీ అయిపోయింది. దొంగలు పేపర్లో చావు కబుర్లు చదువుతారు, రేడియోలో ప్రార్థనలు వింటారు. విశ్వాసులకంటే శ్రద్ధగా వింటారు.

"నేను వెళ్ళను. ఈ ఇల్లు వదిలి కదలను" అన్నాడు ఎస్టిల్.

"చచ్చిపోతావన్నయ్యా."

"పోతే ఇక్కడే పోతాను. తుపాకులు ఇంట్లోనే ఉంటాయి."

వెర్లీ నన్ను వాకిట్లోకి లాక్కొచ్చింది. "బావా, జీవితమంతా పనికిరాని మాటలే మాట్లాడావు. పనికొచ్చేది ఒక్కటి మాట్లాడి ఆయన్ని ఒప్పించు" అంది. మరదలు అలా బతిమాలితే ఏం చేస్తాను, ఆలోచించాను. లోపలికెళ్ళి "బావా, ఇన్సూరెన్సు చేయించు" అన్నాను.

"నా గుండెకా? ఇప్పుడెవడిస్తాడు."

"నీ గుండెకు కాదయ్యా, దానికి నేనూ ఇవ్వను. తుపాకులకి. పోతే డబ్బొస్తుందన్న ధైర్యంతో వెళ్ళిరా."

ఆయన కప్పులో మిగిలిన కాఫీ తాగేశాడు. "సరే, రమ్మను" అన్నాడు. ఆ ఒప్పుకోవడంలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఆపరేషన్‌కి వెళ్తానని మాత్రం అనలేదు.

ఇన్సూరెన్సు ఏజెంటు రెనీ అనే అమ్మాయి, మెడలో కెమెరా వేసుకుని వచ్చింది. ఎస్టిల్ గుమ్మంలోనే ఆపాడు.

"ఎవరి పిల్లవమ్మా?"

"స్లోన్ వాళ్ళమ్మాయినండి. పైలోయ కార్డీ స్లోన్ మా నాయనమ్మ."

"ఓహో, మా నాన్న చేతికర్రతో పాముని కొడుతుంటే కర్ర లాక్కుని తనే కొట్టిన కార్డీయేనా. రా లోపలికి." వంశం తేలాక కాఫీ కూడా ఇచ్చాడు.

రెనీ విడమరిచి చెప్పింది. ఇంటికి చేయించిన ఇన్సూరెన్సులో తుపాకులు దొంగతనమైతే వచ్చేది బహు కొంచెం. ఇలా ఎన్నో పోగేసినవాళ్ళు వేరే పాలసీ తీసుకోవాలి. ఒక్కోదాని ఫోటో, చేసినవాడి పేరు, నంబరు, విలువ రాసుకుంటే, దొంగ ఎత్తుకుపోయినా, ఇల్లు కాలినా, వరదొచ్చినా సొమ్ము వస్తుంది. ఇంట్లోనే ఉండాలని లేదు, తుపాకి ఎక్కడుంటే పాలసీ అక్కడ పనిచేస్తుంది. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేకపోయినా సరే, పోయినట్టే లెక్క.

"నక్క ఎత్తుకుపోతేనో?" అన్నాను నేను.

"దానికీ వస్తుందండి" అంది ఆ అమ్మాయి. ఎస్టిల్ నా వైపు చూడలేదు.

ఆ గదిలోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. కిటికీ లేదు. నూనె వాసన, అక్రోటు చెక్క వాసన. మొదటి గోడంతా ఆయన సొంతం. వాళ్ళ ముత్తాత వాడిన, మందు కూరి పేల్చే పొడుగు తుపాకి అన్నిటికంటే పైన ఉంది. రెనీ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"దీనికి నంబరు లేదే?"

"ఆ రోజుల్లో తుపాకికీ నంబరు లేదు, మనిషికీ లేదు" అన్నాడు ఎస్టిల్. మడమ చెక్కమీద కంసాలి దిగగొట్టిన వెండి చుక్కను చూపిస్తే ఆ అమ్మాయి దాన్నే ఫోటో తీసుకుంది. ఒక్కోదాని కథ చెబుతుంటే ఆయన మొహం తేటపడింది. నేనూ మధ్యలో రెండు మూడు కథలు కలిపాను, ఆ అమ్మాయి వాటిని రాసుకోలేదు, తెలివైంది. మొదటి గోడ అయిపోయాక రెండో గోడ వైపు తిరిగి కెమెరా ఎత్తింది.

"అవి వద్దమ్మా" అన్నాడు ఎస్టిల్.

"ఎందుకండీ, వీటికి కూడా ఒకేసారి..."

"అవి నావి కావు."

"ఎవరివి?"

ఆయన తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. రెనీ కెమెరా దించేసింది. "గేహార్ట్ గారూ, కోప్పడకండి. ఎవరివో చెప్పలేని తుపాకులు గోడనిండా ఉంటే నేను చూడనట్టు వెళ్ళిపోలేను. ఎక్కడైనా దొంగిలించినవి ఇక్కడికి..."

"దొంగవి కావు. నా చేతికిచ్చినవి."

నేను దగ్గరికెళ్ళి చూశాను. నా కళ్ళ ఎదురుగానే ఒక డబుల్ బ్యారెల్ ఉంది. ఎంత బాగుంది అనుకున్నాను. తుప్పు లేదు, మడమ అద్దంలా మెరుస్తోంది. ఎవడిదో అదృష్టవంతుడిది అనుకుంటూ గొట్టం చివర చూశాను. గురి చూసే పూసమీద ఎర్రటి చుక్క. అది గోళ్ళ రంగు. మసక వెలుతుర్లో నాకు గురి కుదరడం లేదని ఓపల్ తన సీసాలోంచి పెట్టిన చుక్క. చప్పుడు వినే చెప్పేస్తానని మొదట కోశాను చూడండి, అది ఇక్కడితో సరి. ముక్కుకు తగిలేంత దగ్గర్లో ఉన్నా నా తుపాకిని నేను పోల్చుకోలేకపోయాను. నేను తీగతో కట్టిన పగులు కనపడకుండా అతికి, నూనె పట్టించి ఉంచాడు.

నక్క సంగతి ఎత్తబోయాను. ఇంతలో పక్కది కనపడింది. అది వెండెల్ ప్రాట్ రైఫిలు. బొగ్గు గని మూసేసిన ఏడాది గడ్డం గీసుకోవడం మానేసి, రోజంతా వాకిట్లో ఆపిన ట్రక్కులో కూర్చుని ఉండేవాడు వెండెల్. దాని పక్కది, యుద్ధం నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడని కుర్రాడిది. ఆ పక్కది, వరద ఇంటిని తీసుకుపోయినవాళ్ళది. ఆ గోడ చూస్తుంటే మా లోయలో ఎవరికి ఏ చలికాలం గడవలేదో వరసగా తెలిసిపోతోంది.

నాది కూడా వరసలో ఉంది. ఓపల్‌ని పూడ్చినప్పటినుంచి ఈయనొచ్చి అడిగేదాకా, ఒక్కణ్ణే కూర్చుని రోజూ రాత్రి తుపాకి దించి తుడిచేవాణ్ణి. తుడవాల్సినంత మురికి దానికేమీ లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"నీకెవరు చెప్పారు బావా?" అన్నాను.

"ఎవరు చెప్పాలి. నువ్వు హాస్యాలాడడం మానేశావు."

రెనీ మా ఇద్దరి మొహాలూ చూసింది. ఆమెకు ఎవరూ విప్పి చెప్పలేదు, కానీ అర్థమైంది. అక్కడున్న స్టూలుమీద కూర్చుంది.

"నావి పోతే ఓ పూట బాధపడతాను" అన్నాడు ఎస్టిల్, నెమ్మదిగా. "ఇవి పోతే ఏం చెప్పను? నమ్మి ఇచ్చారు. వీటిని వదిలి ఏ లెక్సింగ్టన్ వెళ్ళను?"

"వీటికీ పాలసీ రాయొచ్చండి. కాకపోతే మీ పేరుమీద కుదరదు. ఎవరి సొత్తు వాళ్ళే రాయించుకోవాలి. తుపాకి మీ గోడమీదే ఉన్నా ఫరవాలేదు."

"అంటే వాళ్ళు వచ్చి, నా తుపాకి ఎస్టిల్ దగ్గరుంది అని చెప్పాలి."

"చెప్పాలి మరి."

"కుదరదు. నేనడిగింది నక్క కోసం. వాళ్ళిచ్చింది నక్క కోసం. ఆ మాట అలాగే ఉండాలి."

"పోనీ తిరిగిచ్చేస్తే?" అన్నాను.

"కొందరికి ఇంకా తెల్లారలేదు బావా" అన్నాడు.

రెనీ మొదటి గోడ మటుకు రాసుకుని వెళ్ళింది. మొదటి సోమవారం దగ్గరికొస్తోంది. వెర్లీ సర్దిన సంచి అలాగే కుర్చీమీద ఉంది. ఎస్టిల్ వాకిట్లోంచి వరండా మెట్లెక్కడానికి మధ్యలో ఆగుతున్నాడు. ఆగి, వాగు వైపు ఏదో చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

నేను ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చెప్పొచ్చు. కానీ ఎలా మొదలుపెట్టాలి? ఫలానా ఏడు నీ బతుకు ఎలా ఉందో నాకు తెలిసిపోయింది అనా? పైగా వాళ్ళలో ఎంతమందికి నిజం తెలుసు, ఎంతమంది నాలాగా ఇంకా నక్కని తిట్టుకుంటున్నారు? ఇదొక్కటే తిరిగింది నా బుర్రలో. చివరికి రెనీకి ఫోన్ చేశాను. ఆదివారం చర్చి అయ్యాక అందరం కలిసి భోజనం చేస్తాం, నీ కాగితాలు పట్టుకుని రా, ఎండు ఆపిల్ కేకు ఉంటుంది అన్నాను. కేకు సంగతి విని వస్తానంది.

ఆ ఆదివారం చర్చి పక్క గదిలో బల్లలు వేశారు. బీన్సు, మొక్కజొన్న రొట్టె, పంది తొడ మాంసం, వెర్లీ చేసిన ఎండు ఆపిల్ పొరల కేకు. ఎస్టిల్ ఒక మూల పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు, తినడం లేదు. రెనీ తలుపు దగ్గర బల్ల చివర సర్దుకుంది. నేను లేచి నిలబడ్డాను. ఏదో హాస్యం చెబుతానని కొందరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"నా డబుల్ బ్యారెల్ ఎస్టిల్ దగ్గరుంది" అన్నాను. "ఓపల్ పోయినప్పుడు పట్టుకెళ్ళాడు. నక్క అన్నాడు. నక్కా లేదు, తోకా లేదు. ఆ ఏడు నా చేతిలో తుపాకి ఉండడం ఆయనకు ఇష్టం లేక పట్టుకెళ్ళాడు. మంచిపని చేశాడు. ఇప్పుడు దానికి ఆ అమ్మాయి దగ్గర ఇన్సూరెన్సు రాయించుకుంటున్నాను, ఈ పెద్దమనిషి బెంగ లేకుండా లెక్సింగ్టన్ వెళ్ళడానికి. తుపాకి మాత్రం అక్కడే ఉండనివ్వండి. నాకు తొందరేం లేదు."

అందరి తలలూ ఎస్టిల్ వైపు తిరిగాయి.

"కూర్చో బావా" అన్నాడు ఎస్టిల్, తల ఎత్తకుండా. "బీన్సు చల్లారిపోతున్నాయి."

నేను కూర్చోలేదు. అప్పుడు వెండెల్ ప్రాట్ కుర్చీ జరిపాడు. "నాదీ ఉంది" అన్నాడు. "కానీ నాకు నక్క అని చెప్పలేదే. కొయోటీ అన్నాడు" అన్నాడు.

"మాకు రకూన్ అన్నాడు" అంది వరదలో ఇల్లు పోయినావిడ, కాఫీ జగ్గు పట్టుకునే.

"నాకు గద్ద" అన్నాడు వెనకనుంచి ఆ మాట్లాడని కుర్రాడు. వాడి గొంతు విని చాలామంది వెనక్కి తిరిగారు.

"ఉన్నవి నాలుగు కోళ్ళు" అన్నాడు వెండెల్. "వాటిమీద ఇంత అడవి పడిందంటే నమ్మి ఇచ్చాం చూడు, మనకసలు తుపాకి ఇవ్వకూడదు."

అప్పుడు నవ్వారు. ఎస్టిల్ భుజాలు కూడా కదిలాయి. నవ్వు సద్దుమణిగాక మా పాస్టరు హెర్షెల్ గారు గరిటె కింద పెట్టి, "నాదీ అక్కడే ఉంది" అన్నారు. "నా దగ్గరికొచ్చినప్పుడు ఏ జంతువు పేరూ చెప్పలేదు. ఊరికే చెయ్యి చాపాడు. ఇచ్చాను." ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన వెళ్ళి రెనీ ముందు కూర్చున్నారు. వెనకాల ఒకరి తర్వాత ఒకరు వరస కట్టారు. ఒకరిద్దరు వరసలోకి రాలేదు, ప్లేట్లోకి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళ వైపు ఎవరూ చూడకుండా జాగ్రత్తపడ్డాం. సాయంత్రానికి వాళ్ళు విడిగా రెనీకి ఫోన్ చేశారట. ఆ అమ్మాయి పేర్లు చెప్పలేదు, అంతా సరిపోయింది అని మాత్రం ఎస్టిల్‌కి కబురు పెట్టింది.

సోమవారం ఆయన వెళ్ళాడు. కారెక్కుతూ, "గది తలుపు బిగుసుకుపోతుంది, కొంచెం ఎత్తి తియ్యాలి" అని నాకు చెప్పాడు. ఆయన లేనన్నాళ్ళూ ఆ వరండాలో ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇన్సూరెన్సు ఉంది కదా మళ్ళీ కాపలా ఎందుకని వెర్లీ ఫోన్లో అడిగితే, "ఉంటే ఉంది, ఇక్కడ గాలి బాగుంది" అన్నాడు వెండెల్.

ఛాతీమీద పొడుగు కుట్టుతో, చిక్కిపోయి, బతికి వచ్చాడు ఎస్టిల్. కారు దిగి నేరుగా వెనక గదిలోకి వెళ్ళాడు. రెండో గోడ వైపు చూశాడు. వెండెల్ రైఫిలు ఉన్నచోట ఖాళీగా ఉంది.

"ఎవడో ఎత్తుకుపోయాడా?" అన్నాడు.

"వెండెల్. నోరు తెరిచి అడిగే పట్టుకెళ్ళాడు. గడ్డం గీసుకుని మరీ వచ్చాడు" అన్నాను.

ఎస్టిల్ ఆ ఖాళీ చోట దుమ్ము అరచేత్తో తుడిచాడు. తర్వాత బొగ్గు పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చుని, ఆకలేస్తోంది, రొట్టె ఏమైనా ఉందా అని వెర్లీని అడిగాడు.

ఇదీ జరిగింది. ఇందులో ఒక్కటి మాత్రం నేను కల్పించింది. ఆ ఆదివారం మొదట లేచింది నేనని రాశాను. మొదట లేచింది హెర్షెల్ పాస్టరు గారు. రెనీ ఎందుకొస్తోందో ఆయనకు ముందే చెప్పి ఉంచాను. నేను అప్పటికి కాఫీ బల్ల వెనకాల నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక కేకు తింటున్నాను. ఎస్టిల్ ఊరికే చెయ్యి చాపిన ఆ మాట ఆయన చెప్పి కూర్చున్నాక, వెర్లీ నా కాలిమీద గట్టిగా ఒక్క తన్ను తన్నింది. అప్పుడు లేచాను.